ఎంగిలి తినని యంత్రం

యంత్రం ఆ డబ్బాను మళ్లీ బయటికి తోసింది.

ఏడో తరగతి చౌడేశ్వరి దాన్ని తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అర్థం కాక అలాగే నిలబడింది. ఆమె వెనక వరసలో ఉన్న పిల్లలు విసుగ్గా కదిలారు. అనంతపురం శివార్లలోని ఆ ఉన్నత పాఠశాలలో, గంట కొట్టి చాలాసేపయినా మధ్యాహ్న భోజనం ఇంకా ముగియలేదు. తినడం ఎప్పుడో అయిపోయింది. డబ్బాలు కడగడమే అవడం లేదు.

"ఇంగ ఏముంది సార్ దీంట్లో? అద్దం మాదిరి కడిగినా," అంది చౌడేశ్వరి, వరండాలోకి వచ్చిన ప్రధానోపాధ్యాయుడు తిప్పేస్వామికి డబ్బా చూపిస్తూ.

తిప్పేస్వామి డబ్బాను వాసన చూశాడు. ఏ వాసనా లేదు. కళ్లజోడు సర్దుకుని మూలలన్నీ వెతికాడు. ఒక మడతలో వెంట్రుకంత పసుపు గీత కనిపించింది. పప్పుది.

"ఈడుంది చూడు."

"అది పోదు సార్. ఎన్నిసార్లు కడిగినా పోదు," అని చౌడేశ్వరి మళ్లీ కుళాయి వైపు నడిచింది.

యంత్రం బీరువా అంత ఉంటుంది. ముందు వైపు ఒక నోరు, నోటి పైన రెండు దీపాలు. అన్నం తిన్న డబ్బాను ఆ నోట్లో పెడితే, శుభ్రంగా ఉందనిపిస్తే పచ్చ దీపం వెలిగి లోపలికి లాక్కుంటుంది. లోపల నానబెట్టి, గుజ్జు చేసి, మళ్లీ అచ్చులో వత్తి, తెల్లారేసరికి వెనక వైపు నుంచి కొత్త డబ్బా ఇస్తుంది. శుభ్రంగా లేదనిపిస్తే ఎర్ర దీపం వెలిగి బయటికి తోసేస్తుంది. వచ్చిన కొత్తలో పిల్లలు దానికి బకాసురుడని పేరు పెట్టారు. తర్వాత, ఈ బకాసురుడు ఎంగిలి తినడని చెప్పుకుని నవ్వుకున్నారు. ఇప్పుడు నవ్వే ఓపిక కూడా ఎవరికీ లేదు.

తిప్పేస్వామికి ఆ యంత్రం మీద వచ్చే కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. దాన్ని తయారు చేసింది ఆయన భార్య పంపావతి. మొదట మా బడికే ఇవ్వండి అని పట్టుబట్టి తెచ్చుకున్నది ఆయన.

ఆయన ఏడో తరగతి గది తలుపు తీశాడు. కిటికీ ఎత్తు వరకు డబ్బాలే. యంత్రం వద్దన్న డబ్బాలన్నీ అక్కడే చేరాయి. చెత్త లారీ వాళ్లు వాటిని ముట్టుకోరు. "ఇవి రీసైకిల్ అయ్యేటివి గదా సార్, డబ్బా మీదనే రాసుండాది. చెత్తలోకి రావు, మిషన్లో వేసుకోండి," అని చెప్పి వెళ్లిపోతారు. మిషనేమో వాటిని చెత్త అంటుంది. ఆ రెండు మాటల మధ్య ఒక తరగతి గది నిండిపోయింది. ముందు చీమలొచ్చాయి, తర్వాత ఎలుకలొచ్చాయి. ఏడో తరగతి పిల్లలు మెట్ల కింద చాప వేసుకుని కూర్చుంటున్నారు.

తలుపు మూసి వస్తుంటే, లెక్కలు చెప్పే హసీనాబేగం ఎదురొచ్చింది.

"సార్, ఒక మాట. మధ్యాహ్నం తర్వాత ఆడపిల్లలు క్లాసులో ఉండడం లేదు. మీరు చూసినారా?"

"చూసినా. ఎండలు గదా అనుకుంటి."

"ఎండలు కాదు సార్. బాత్రూముల్లో నీళ్లు లేవు. పైన ట్యాంకి నీళ్లన్నీ డబ్బాలకే అయిపోతాండాయి. అన్నం తిని ఇంటికి పోతారు, మళ్లీ యాడొస్తారు? నేను కూడా సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఉంటాండా."

తిప్పేస్వామి మెట్లెక్కి ట్యాంకు మూత తీసి చూశాడు. అడుగున తడి మాత్రమే ఉంది. వరసగా వానలు తప్పిన ఊరు అది. ట్యాంకరు మళ్లీ ఎప్పుడొస్తుందో ట్యాంకరు వాడికే తెలియదు.

*

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన ఎక్కువ మాట్లాడలేదు. పంపావతికి అది అర్థమై, తనే అడిగింది.

"ఏమైంది? మళ్లీ యంత్రమా?"

"నీ యంత్రం బాగుండాది. మా బడే బాగలేదు."

"అట్ల దెప్పడం ఎందుకు? చెప్పండి."

ఆయన చెప్పాడు. గది సంగతి ఆమెకు తెలుసు. ఆడపిల్లల సంగతి తెలియదు. ఆమె చేతిలోని ముద్ద కంచంలో పెట్టేసింది.

"పిల్లలు సరిగ్గా కడగడం లేదేమో," అంది నెమ్మదిగా. అన్న వెంటనే, ఆ మాట తన నోట్లోంచి ఎందుకొచ్చిందా అనుకుంది.

"పంపా, ఆ పిల్లలు వాళ్లింట్లో గిన్నెలు కూడా అంత బాగా కడగరు. నేను కడిగినా. ఇద్దరు టీచర్లు కడిగినారు. నువ్వొచ్చి కడుగు, ఎర్ర దీపమే వెలుగుతాది. ఒగ మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. ఎట్లా ఇన్ని నీళ్లు పోసి కడగాల్సిందే అయితే, స్టీలు తట్టలు ఏం పాపం చేసినాయి? గ్లాసు నీళ్లతో తొలిస్తే పోయేది గదా."

ఆమెకు కోపం వచ్చింది. వచ్చినందుకు సిగ్గూ వేసింది. ఆ డబ్బా వెనక ఆమె జీవితంలో మంచి కాలమంతా ఉంది. ఒకప్పుడు హోటళ్లన్నీ ప్లాస్టిక్ మానేశామని చెప్పి అట్టడబ్బాలు వాడుతుంటే, ఆమె వాటిని చింపి చూసి లోపల సన్నటి ప్లాస్టిక్ పూత ఉందని గుర్తించింది. అట్టను, పూతను ఏ మిల్లూ విడదీయలేదు. పైన మాత్రం ఆకు బొమ్మ. ఆ మోసాన్ని చూసిన చిరాకులోంచే తన డబ్బా పుట్టింది. అనంతపురంలో గుట్టలుగా పడుండే వేరుశనగ పొట్టుతో ఒళ్లు. లోపల ప్లాస్టిక్‌కు బదులు సూక్ష్మజీవులు నేసిన పొర, పాల మీద మీగడలా. వేడి పప్పునూ చారునూ అది ఆపుతుంది. పని అయ్యాక దాన్ని ఊడదీసి తినేసే ఇంకో రకం సూక్ష్మజీవులు యంత్రంలో ఉంటాయి. తెల్లగా చిక్కగా ఉంటుందని ఆ ద్రావణాన్ని ల్యాబులో అందరూ గంజి అంటారు. ప్లాస్టిక్ లేదు. విడదీయలేకపోవడం లేదు. పరీక్షలన్నీ నెగ్గింది. డబ్బా మీద 'వంద శాతం రీసైకిల్ అవుతుంది' అని అచ్చయిన రోజు ఆమె ఏడ్చింది.

"పరీక్షలు నెగ్గింది," అంది ఆమె.

"ఏం పెట్టి పరీక్ష చేసినారు?"

"ప్రమాణం ప్రకారం. అన్నం వార్చిన నీళ్లు. డబ్బాలో పోసి, ఒంపేసి, యంత్రంలో వేస్తాం."

"ఉప్పు?"

"ప్రమాణంలో ఉప్పు లేదు."

తిప్పేస్వామి భార్య ముఖంలోకి కాసేపు చూశాడు. ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే ఆమెకు తేలికగా ఉండేది.

*

మర్నాడు పంపావతి బడికి వెళ్లి, వంట చేసే ఈరమ్మను అడిగి, పప్పూ ఉర్లగడ్డ కూరా చారూ సీసాల్లో నింపుకుని ల్యాబుకు పోయింది. హరితపత్ర కంపెనీ ల్యాబు అది. ఊరి చివర, పాత నూనె మిల్లు స్థలంలో కట్టారు. మామూలుగా కడిగిన డబ్బాలో ఎంత ఉప్పు, ఎంత నూనె, ఎంత చింతపండు పులుసు మిగులుతాయో అంత గంజిలో కలిపి, సూక్ష్మదర్శిని కింద పెట్టింది. చురుగ్గా తిరుగుతున్న జీవులు ఒక్కొక్కటే మెల్లబడి ఆగిపోయాయి. యంత్రం ఎర్ర దీపం వెలిగించడం తప్పు కాదు. లోపలున్న గంజిని అది కాపాడుకుంటోంది. వెంట్రుకంత పప్పు గీత చాలు, దాని కడుపంతా చెడిపోతుంది.

ల్యాబు అధిపతి సుదర్శనం ఆ ఫలితాలు చూసి కాగితం పక్కన పెట్టాడు. చెడ్డవాడు కాదు. ఆమె ఆలోచనను మొదట నమ్మినవాడు ఆయనే.

"ప్రమాణంలో లేని పరీక్ష మనమెందుకు చేస్తున్నాం, పంపావతి?"

"ప్రమాణంలో లేని తిండి పిల్లలు తింటున్నారు కాబట్టి సార్."

"కడిగితే అవుతుంది కదా. మనం అబద్ధం రాయలేదు. కడిగి ఇవ్వండని కింద చిన్న అక్షరాల్లో ఉంది."

"నీళ్లేవి సార్?"

"నీళ్లు మన విభాగం కాదు," అన్నాడాయన. అని, తన మాట తనకే నచ్చనట్టు కిటికీ వైపు తిరిగాడు. "చూడు, మన డబ్బా లేకపోతే ఆ స్థానంలోకి వచ్చేది ప్లాస్టిక్ పూత డబ్బానే. మనది దానికన్నా నయం. వేరుశనగ రైతులకి పొట్టు మీద కూడా ఆదాయం వస్తోంది. చిన్న లోపం ఉంటే సరిచేద్దాం. నీ దగ్గర దారుందా?"

దారి ఉందనుకుంది ఆమె. ఉప్పుకూ నూనెకూ చావని గంజిని పెంచాలి. తాడిపత్రి వైపు చర్మశుద్ధి కాలవల్లోంచి, పచ్చళ్ల కార్ఖానా మురుగులోంచి, మిల్లు నూనె తొట్లలోంచి మట్టీ బురదా తెప్పించింది. అందులో బతుకుతున్న మొండి జీవుల లక్షణాలను గంజిలోకి ఎక్కించింది. ప్రతి తరాన్నీ ముందుకన్నా ఎక్కువ ఉప్పులో ముంచి, చావగా మిగిలిన వాటిని మళ్లీ పెంచింది. వేసవి సెలవులన్నీ అందులోనే పోయాయి. చివరికి ఒక ఉదయం ఈరమ్మ చారును నేరుగా గాజు పాత్రలో పోస్తే, కొత్త గంజి దాన్ని కూడా తిని, డబ్బా పొరనూ తిని, ఇంకా కావాలన్నట్టు బుడగలు వదిలింది.

ఆమె ఆ వీడియోను భర్తకు పంపింది. ఆయన నుంచి ఒక్క మాట వచ్చింది: 'తొందరగా తీసుకురా.'

*

బడి తెరిచిన వారం యంత్రంలో కొత్త గంజి పోశారు. చౌడేశ్వరి తిన్న డబ్బాను కడగకుండా, పప్పు మెతుకులతో అలాగే నోట్లో పెట్టింది. పచ్చ దీపం వెలిగింది. పిల్లలందరూ ఒక్కసారిగా అరిచారు. అప్పటి నుంచి కుళాయి దగ్గర వరస లేదు. ఏడో తరగతి గదిలో పేరుకున్న డబ్బాలను రోజూ కొన్ని చొప్పున యంత్రానికి పెట్టారు. గది ఖాళీ అయింది. ఎలుకలు వెళ్లిపోయాయి. హసీనాబేగం మధ్యాహ్నం క్లాసులో ఆడపిల్లల హాజరు పిలుస్తుంటే, వరండాలో నిలబడి వింటున్న తిప్పేస్వామికి ఆ 'ప్రెజెంట్ మేడమ్'లు వినడానికి హాయిగా ఉండేవి.

ఇంట్లో కూడా హాయిగానే ఉండేది. ఒక ఆదివారం ఆయన రాగిముద్ద, చెనక్కాయ పచ్చడి చేసి పెడుతూ, "నేను స్టీలు తట్టల మాట అనకుండా ఉండాల్సింది," అన్నాడు.

"అనండి. అన్నందుకే గదా కొత్త గంజి వచ్చింది," అంది పంపావతి.

సుదర్శనం పాత్రికేయులను వెంటబెట్టుకుని బడికి వచ్చాడు. కడగనక్కర్లేదు, నీళ్లక్కర్లేదు అన్నాడు. మరికొన్ని జిల్లాల్లో యంత్రాలు పెట్టడానికి మాటలు నడిచాయి.

ప్రమాదం జరిగినప్పుడు తిప్పేస్వామి అక్కడే ఉన్నాడు. ఈరమ్మ పొయ్యి మీంచి దించిన పప్పును గరిటెతో వడ్డిస్తోంది. చౌడేశ్వరి నేల మీద బాసింపట్టు వేసుకుని, డబ్బాను ఒళ్లో పెట్టుకుని, పక్క పిల్లతో ఏదో చెబుతోంది. మధ్యలో మాట ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చిన కేకకు వరండాలోని పిల్లలంతా లేచి నిలబడ్డారు. డబ్బా అడుగు తడిసిన కాగితంలా ఊడి, కాగే పప్పంతా ఆమె తొడల మీద పడింది. హసీనాబేగం పరుగెత్తుకొచ్చి, లంగాను పట్టుకుని దూరంగా లాగి, తాగే నీళ్ల బిందె ఎత్తి పోసింది. ఆ గొడవలోనే ఇంకో రెండు డబ్బాలు చేతుల్లోనే మెత్తబడ్డాయి. తిప్పేస్వామి, "అందరూ కింద పెట్టండి, ఎవరూ ముట్టుకోవద్దు," అని అరుస్తూ వరసల మధ్య పరుగెత్తాడు.

ఆసుపత్రికి పంపావతి వచ్చేసరికి చౌడేశ్వరికి మందు రాసి, మత్తిచ్చి పడుకోబెట్టారు. పక్కన తల్లి సాలమ్మ కూర్చుని ఉంది. ఇటుకల పని దగ్గర నుంచి నేరుగా వచ్చింది. చీర కుచ్చిళ్లకు ఎర్రమట్టి ఇంకా ఉంది.

"నువ్వేనంట గదమ్మా ఆ డబ్బా చేసింది," అంది సాలమ్మ.

"నేనే."

"అది ప్లాస్టిక్ కాదు, మంచిది అని సార్ చెప్పినాడు. మేము సంతోషపడితిమి." కూతురి కాళ్ల వైపు చూసి, "స్టీలు తట్ట అయితే కాలుతాది గాని, చినగదు గదమ్మా," అంది. ఆ మాటలో నింద లేదు. అర్థం కాని విషయాన్ని అడుగుతున్నట్టే అంది.

పంపావతి గది బయటికి వచ్చి, బెంచీ మీద భర్త పక్కన కూర్చుంది.

"మీరు తిట్టండి."

"ఏంటికి? నేనూ పోసినాను గదా ఆ గంజి. నా చేత్తో."

*

కారణం కనుక్కోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. పాత గంజి సుకుమారమైనది. గుజ్జును ఆరబెట్టే వేడికే చచ్చిపోయేది, కొత్త డబ్బాలోకి వచ్చేది కాదు. ఉప్పునూ నూనెనూ తట్టుకునేలా పెంచిన కొత్త గంజి వేడినీ తట్టుకోవడం నేర్చుకుంది. ఆరబెట్టేటప్పుడు విత్తనంలా ముడుచుకుని, కొత్త డబ్బా ఒంట్లోనే నిద్రపోతోంది. వెచ్చటి తడి తిండి తగలగానే లేస్తోంది. దానికి కావలసిన ఉప్పూ నూనే అన్నీ అక్కడే ఉన్నాయి. డబ్బా తిరిగి తయారైన ప్రతిసారీ ఈ విత్తనాలు పెరిగాయి. చౌడేశ్వరి ఒళ్లోకి వచ్చిన డబ్బా ఎన్నోసార్లు తిరిగి పుట్టినది.

పంపావతి ఆరబెట్టే వేడి పెంచింది. విత్తనాలు చచ్చాయి గాని, పొర అప్పడంలా పెళుసై పగిలింది. పొర మందం పెంచింది. చారు ఆగింది గాని, గంజి ఆ పొరను కొరకలేక వదిలేసింది. పొరకు మైనం కలిపింది. గంజి మొండితనం తగ్గించింది, మళ్లీ పెంచింది. ఎటు తిప్పినా అదే చోటికి వచ్చింది. మనుషులు తినేది ఉప్పూ పులుపూ నూనే వేడీ. దాన్ని తట్టుకునేంత గట్టి డబ్బాను యంత్రం అరిగించుకోలేదు. ఎంగిలితో సహా అరిగించుకునే గంజి, తినకముందే డబ్బాను తినేస్తుంది. మధ్యలో ఉన్న సన్నటి దారి పేరు నీళ్లు. బోలెడు నీళ్లు.

ఒక సాయంత్రం ఆమె సుదర్శనం గదిలోకి వెళ్లి ఇదంతా చెప్పింది. ఆయన తల పట్టుకుని విన్నాడు.

"అయితే పాత గంజికి వెళ్లిపోదాం," అన్నాడు చివరికి. "అది ఎవరినీ కాల్చలేదు."

"అప్పుడు కడగాలి."

"కడగమందాం. జిల్లా అధికారుల సమీక్ష సమావేశం వచ్చే వారం. ఆ పిల్ల వైద్యం కంపెనీ చూసుకుంటుంది. నువ్వు వచ్చి, కొత్త గంజి ప్రయోగ దశలోది, పాతది సురక్షితం, డబ్బా పూర్తిగా రీసైకిల్ అవుతుంది అని చెప్పు. మూడూ నిజాలే."

"మూడోది నిజం కాదు సార్."

"ల్యాబులో అవుతుంది కదా."

"ల్యాబులో ఎవరూ అన్నం తినరు."

సుదర్శనం గొంతు మొదటిసారి పెరిగింది. "నీకు తెలుసా, ఈ డబ్బా ఆగిపోతే ఇంకెవరూ ఈ పని జోలికి రారు. మళ్లీ ప్లాస్టిక్ పూతలే. నువ్వు నిజం చెప్పి సాధించేది అదే."

ఆ మాట ఆమెను నిజంగానే బాధపెట్టింది. ఎందుకంటే అది కొట్టిపారేయదగ్గ మాట కాదు. ఇంటికి పోయే దారంతా దాన్ని అటూ ఇటూ తిప్పుకుంది. నయమైనదాన్ని నయమైనది అని చెబితే సరిపోయేది. వంద శాతం అని చెప్పబట్టే బడిలో నీళ్ల సంగతి అడగాలని ఎవరికీ తోచలేదు. తనకూ తోచలేదు. ఆ ముద్ర చూసి అందరూ ఆలోచించడం మానేశారు. ముందుగా మానేసింది తనే.

*

సమీక్ష బడిలోనే పెట్టారు. జిల్లా నుంచి అధికారులు ముగ్గురు వచ్చారు. సుదర్శనం తెరమీద బొమ్మలు చూపిస్తూ బాగా మాట్లాడాడు. పాత గంజి, శుభ్రం చేసే పద్ధతి, గోడకు అంటించే సూచనలు. పిల్లల్లో శుభ్రత అలవాటవుతుందని కూడా అన్నాడు. తిప్పేస్వామి కుర్చీలో కదిలాడు.

పంపావతి వంతు వచ్చింది. ఆమె కాగితాలేవీ తెచ్చుకోలేదు.

"ఈ డబ్బా నేను చేసింది. కడిగితే రీసైకిల్ అవుతుంది. ఎంత కడగాలంటే, ఈ బడి ట్యాంకులో ఆ నీళ్లు లేవు. ఈ ఊళ్లోనే లేవు. కడగకుండా తీసుకునే యంత్రం చేశాను. దానివల్ల ఒక పిల్ల కాళ్లు కాలాయి. రెండింటికీ నడుమ ఏదైనా ఉందేమోనని వెతికాను. నాకు దొరకలేదు. రేపు ఎవరికైనా దొరకొచ్చు. దొరికే దాకా దీని మీద రీసైకిల్ అవుతుందని రాయకూడదు."

"అసలే కాదంటారా, కొంతవరకే అవుతుందంటారా?" అడిగాడు ఒక అధికారి, కలం పట్టుకుని. "నేను ఒక మాట రాసుకోవాలి కదమ్మా."

"ఈ బళ్లో కాదు సార్. అన్నం తిన్నాక కాదు."

"అది రాయడానికి గడి లేదే," అన్నాడాయన ఇబ్బందిగా.

హసీనాబేగం వెనక వరసలోంచి లేచింది. "గడి లేకపోతే పక్కన రాయండి సార్. చోటుంది గదా." ఆమె అంత గట్టిగా మాట్లాడడం తిప్పేస్వామి ఎన్నడూ వినలేదు.

యంత్రాన్ని తర్వాతి వారం లారీ ఎక్కించుకుపోయారు. బడికి స్టీలు తట్టలొచ్చాయి. వాటినీ కడగాలి, పిల్లలు వాటికీ విసుక్కుంటారు. కానీ ఒక చెంబుడు నీళ్లతో అయిపోతుంది. చౌడేశ్వరి వాన చినుకులు పడే నాటికి బడికి వచ్చింది. నడకలో కొంచెం కుంటు ఉంది. మెట్ల దగ్గర ఆగి, పక్క పిల్ల భుజం పట్టుకుని ఎక్కేది. పంపావతి వారం వారం వాళ్లింటికి వెళ్లి కట్టు చూసేది. సాలమ్మ టీ ఇచ్చేది. డబ్బా మాట ఇద్దరూ ఎత్తేవారు కాదు.

ల్యాబులో ఆమెను పొమ్మనలేదు. గంజి పని మాత్రం వేరేవాళ్లకు ఇచ్చారు. ఆమెను పొట్టు నాణ్యత చూసే విభాగంలో కూర్చోబెట్టారు. అక్కడ పనేమీ ఉండదు. ఆమెకు రోజూ కోపం వచ్చేది, ఎవరి మీదో స్పష్టంగా తెలిసేది కాదు. సుదర్శనం ఎదురుపడితే ఇద్దరూ మర్యాదగా పలకరించుకునేవారు. అనంతపురంలో నీళ్లు లేవు కాబట్టి కుదరలేదని, నీళ్లున్న చోట ఆ ఇబ్బంది రాదని ఆయన పైవాళ్లకు రాశాడని ఆమెకు తర్వాత తెలిసింది. యంత్రాలు గోదావరి జిల్లాలకు పోయాయి. పాత గంజి, పాత డబ్బా, పాత ముద్ర.

ఒక శనివారం మధ్యాహ్నం, ఊళ్లో జాతర సెలవు కావడంతో ఇద్దరూ ఇంట్లో ఉండగా ఆమె ఫోను మోగింది. తెలియని నంబరు.

"పంపావతి మేడమ్ గారేనాండీ? నేను కోనసీమ నుంచండి, ఇక్కడ హైస్కూల్లో సైన్స్ మాస్టార్నండి, సత్తిరాజంటారు. మిషన్ తలుపు లోపల స్టిక్కరు మీద మీ నంబరుంటే చేశానండి. ఏమనుకోకండి."

"చెప్పండి మాస్టారూ."

"డబ్బాలన్నీ బయటికి తోసేస్తుందండి. ఎంత కడిగినా ఒప్పుకోట్లేదండి. మిషన్ ఏవన్నా పాడయ్యిందేమోనండి."

పంపావతి కళ్లు మూసుకుంది. తిప్పేస్వామి చదువుతున్న పేపరు దించి ఆమె వైపు చూశాడు.

"పాడవలేదు మాస్టారూ. అది అంతే. మీ బళ్లో నీళ్ల సంగతేమిటి? ట్యాంకు అయిపోతోందా?"

"అబ్బే, నీళ్లకేం లోటు లేదండి మాకు," అన్నాడు సత్తిరాజు ఉత్సాహంగా. "ట్యాంకుతో పనే లేదండి. బడెనకాలే పెద్ద కాలవండి. పిల్లలందరూ రేవులోకి దిగి, పారే నీళ్లల్లో శుబ్బరంగా కడుక్కొస్తున్నారండి. చిన్న పిల్లలు కూడానండి. ఇప్పుడు కాలవ నిండుగా ఉంది కదండీ, అయినా..."

ఆమె లేచి నిలబడింది.

"మాస్టారూ, నా మాట వినండి. పిల్లల్ని వెంటనే రేవులోంచి పైకి పిలవండి. ఇప్పుడే. ఫోను పెట్టకుండా పిలవండి, నేను వింటాను."

అవతల ఆయన కాస్త తికమకపడ్డాడు. తర్వాత ఫోను చేత్తో పట్టుకునే నడుస్తున్న చప్పుడు, దూరంగా నీళ్ల హోరు, పిల్లల నవ్వులు వినిపించాయి. ఆయన పేర్లు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు. పంపావతి ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని, ఒక్కొక్క పిల్ల పలకడం వింటూ నిలబడింది. తిప్పేస్వామి లోపలికి వెళ్లి ప్రయాణానికి ఆమె సంచీ సర్దసాగాడు.